రోమ్‌లో ఆడని హకీమ్ సాబ్



భిలాయిలోని హథ్‌ఖోజ్ వర్క్‌షాపుల్లో పగలంతా గ్రైండరు పట్టుకున్న కుర్రాళ్లు, ఐటీఐ నుంచి ఇంటికొచ్చిన పిల్లలు సాయంత్రం కాగానే బంతి తీసుకుని ఖాళీ జాగాలోకి చేరతారు. వాళ్ల మాటల్లో ఈ మధ్య స్పెయిన్ ఆటగాళ్ల పేర్లు ఎక్కువగా వినిపిస్తున్నాయి. షావి, గార్డియోలా, షాబీ అలోన్సో. ముగ్గురూ ఒకప్పుడు మైదానం నడిమధ్యలో ఆడినవాళ్లే. ముగ్గురూ తర్వాత కోచ్‌లయ్యారు. ఆ పిల్లలు వాళ్ల ఆటను ఫోనులో చూస్తారు, వాళ్ల ఎత్తుగడల గురించి వాదించుకుంటారు. చూడనివ్వండి, మంచిదే. అయితే అదే దారిలో నడిచిన మనిషి మన హైదరాబాదులోనూ ఒకరుండేవారు. ఆయన పేరు సయ్యద్ షాహిద్ హకీమ్. ఫుట్‌బాల్ లోకమంతా ఆయన్ని హకీమ్ సాబ్ అని పిలిచేది. భిలాయిలో ఉంటున్న మన తెలుగు పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు ఈ పూట ఆయన గురించి చెప్పాలని వచ్చాను.

ముందు అలోన్సో సంగతి కొంచెం చెప్పుకుందాం. ఆయన 1981లో స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలోని తొలోసాలో పుట్టాడు. తండ్రి పెరికో అలోన్సో కూడా మిడ్‌ఫీల్డరే. రియల్ సోసియేదాద్ జట్టు 1981లో, 1982లో వరుసగా రెండుసార్లు స్పెయిన్ లీగ్ గెలిచినప్పుడు తండ్రి ఆ జట్టులో ఉన్నాడు. కొడుకు అదే క్లబ్బులో మొదలుపెట్టి లివర్‌పూల్, రియల్ మాడ్రిడ్, బయర్న్ మ్యూనిక్ దాకా వెళ్లాడు. 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో సగం ఆట అయ్యేసరికి లివర్‌పూల్ 0-3తో వెనకబడి ఉంది. ఆ మ్యాచ్‌ను 3-3 చేసిన మూడో గోలు ఈయనదే. పెనాల్టీ కొడితే గోలీ ఆపాడు, తిరిగొచ్చిన బంతిని మళ్లీ కొట్టి లోపలికి పంపాడు. చివరికి పెనాల్టీల్లో లివర్‌పూల్ కప్పు గెలిచింది. 2010లో స్పెయిన్ ప్రపంచ కప్పు గెలిచిన ఫైనల్లోనూ ఈయన ఆడాడు.

ఇవన్నీ పిల్లలకు నోటికి వచ్చు. వాళ్లు అంతగా పట్టించుకోని భాగం ఆ తర్వాతది. 2017లో ఆట మానేశాక అలోన్సో నేరుగా పెద్ద జట్టుకు కోచ్‌గా వెళ్లలేదు. మొదట రియల్ మాడ్రిడ్‌లో పద్నాలుగేళ్లలోపు పిల్లలకు ఆట నేర్పాడు. 2019లో రియల్ సోసియేదాద్ రెండో జట్టును చేతిలోకి తీసుకుని మూడేళ్లు అక్కడే ఉన్నాడు. ఆ జట్టును రెండో డివిజన్‌కు ఎక్కించాడు. మరుసటి ఏడాదే అది మళ్లీ కింది డివిజన్‌కు పడిపోయింది. 2022 అక్టోబరులో జర్మనీలోని బేయర్ లెవర్‌కుసెన్ ఆయన్ని పిలిచే నాటికి ఆ జట్టు పట్టికలో అట్టడుగు నుంచి రెండో స్థానంలో ఉంది. 2023-24 సీజన్లో అదే జట్టు 34 లీగ్ మ్యాచ్‌ల్లో 28 గెలిచి, ఆరు డ్రా చేసుకుని, ఒక్కటీ ఓడకుండా తన చరిత్రలో తొలిసారి బుందెస్‌లిగా గెలిచింది.

ఆ క్లబ్బు పుట్టుక మన హథ్‌ఖోజ్ వాళ్లు తప్పక వినాలి. అది 1904లో బేయర్ మందుల కంపెనీలో పనిచేసే కార్మికుల కోసం పుట్టిన క్లబ్బు. పేరులో కంపెనీ పేరు ఉన్నది అందుకే. ఫ్యాక్టరీ గేటు పక్కన మొదలైన జట్టు అది.

సరే, నడిమధ్యలో ఆడేవాళ్లు కోచ్‌లుగా ఎందుకు రాణిస్తారు? మీలో వర్క్‌షాపులో పనిచేసేవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. ఓవర్‌హెడ్ క్రేన్ మీద బరువు కదులుతున్నప్పుడు కింద నిలబడి చేతి సైగలిచ్చే ఖలాసీ ఉంటాడు చూడండి. బరువు ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ దిగాలి, కింద ఎవరున్నారు అన్నది ఒకే చూపులో పట్టుకోవాలి అతను. మిడ్‌ఫీల్డర్ పనీ అదే. గోలీకి మైదానమంతా ఎదురుగానే ఉంటుంది. ముందు ఆడే ఫార్వర్డ్‌కు చూడాల్సింది ఎదుటి గోలు. మధ్యలో ఉన్నవాడికి మాత్రం ముందూ వెనకా రెండు పక్కలా మనుషులే. బంతి కాలి దగ్గరికి వచ్చాక ఆలోచిస్తే ఆలస్యమైపోయినట్టే. షావి ఆట చూడండి, బంతి రాకముందే రెండు మూడుసార్లు తల తిప్పి చూసుకుంటాడు. పదిహేనేళ్లు అలా చూస్తూ ఆడిన మనిషికి బయట కూర్చున్నా పదకొండు మంది కదలికా కనిపిస్తుంది. అలాగని మిడ్‌ఫీల్డర్లే మంచి కోచ్‌లవుతారని నేననను. మన పీకే బెనర్జీ వింగర్‌గా ఆడినవారు. హైదరాబాదు నయీముద్దీన్ డిఫెండరు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్, ఆ తర్వాత కోచ్‌గా ద్రోణాచార్య అవార్డు కూడా అందుకున్నారు. అయినా మధ్యలో ఆడినవాడికి ఈ చూపు ముందే అలవాటై ఉంటుందని నా నమ్మకం.

ఇప్పుడు హకీమ్ సాబ్ దగ్గరికి వద్దాం.

ఆయన 1939లో హైదరాబాదులో పుట్టారు. తండ్రి సయ్యద్ అబ్దుల్ రహీం. ఈ పేరు 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా వల్ల మళ్లీ జనం నోట్లో పడింది. రహీం సాబ్ బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పాఠాలు చెబుతూ ఫుట్‌బాల్ నేర్పారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. డ్యురాండ్ కప్పు నాలుగుసార్లు పట్టుకొచ్చింది. కానిస్టేబుళ్లు, జమేదార్లు ఆడిన జట్టు అది. డ్యూటీ చేసేవాళ్లు, జీతం అందుకునేవాళ్లు, పొద్దున్నా సాయంత్రం రహీం సాబ్ చెప్పినట్టు పరుగెత్తేవాళ్లు.

దేశం జట్టుకూ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడారు. ఆ దెబ్బ తర్వాత బూట్లు తప్పనిసరయ్యాయి. 1956 మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో మన దేశం ఇంతకన్నా పైకి ఎన్నడూ పోలేదు. ఆ జట్టులో హైదరాబాదు కుర్రాళ్లు ఒకరిద్దరు కాదు: నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, సలాం, బలరాం, ఇలా చాలామంది.

అలాంటి ఇంట్లో పెరిగాడు హకీమ్. సెంట్రల్ మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో చోటు సంపాదించాడు. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు. మన భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాజేంద్రప్రసాద్ గారు 1959 ఫిబ్రవరిలో ప్రారంభించారు కదా, దాని మరుసటి ఏడాది మాట ఇది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మన పెద్దలు ఇక్కడికి పనికి వస్తున్న రోజులు.

రోమ్‌లో మన గ్రూపు చాలా గట్టిది. హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీతో 1-2తో ఓడాం. ఆ ఒక్క గోలు సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1. పీకే బెనర్జీ గోలుతో ముందున్నాం, చివర్లో వాళ్లు సమం చేశారు. పెరూతో 1-3. అందులోనూ మన గోలు బలరాందే. హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు, దాన్ని ఒక్క గోలు తేడా దాకా తెచ్చామంటే రహీం సాబ్ ఆ జట్టును ఎంతగా తీర్చిదిద్దారో చూడండి.

ఆ మూడు మ్యాచ్‌ల్లో ఒక్కదానిలోనూ హకీమ్ ఆడలేదు. మధ్యలో రామ్ బహదూర్, కెంపయ్య లాంటివాళ్లు ఉన్నారు. కోచ్ తన కన్నతండ్రి. కొడుకుని ఒక్క మ్యాచ్‌లోనైనా దింపి ఒలింపిక్ ఆటగాడు అనిపించుకోమనే ఆశ ఏ తండ్రికి ఉండదు? ఆ తండ్రి దింపలేదు. రెండేళ్ల తర్వాత, 1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లిన జట్టులో హకీమ్ పేరే లేదు. లక్షమంది మనకు వ్యతిరేకంగా అరుస్తున్న స్టేడియంలో సెప్టెంబరు 4న దక్షిణ కొరియాను 2-1తో కొట్టి స్వర్ణం తెచ్చిన జట్టు అది. పీకే ఒక గోలు, తలకు దెబ్బ తగిలి కట్టుతో ముందువరసలో ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోలు. మరుసటి ఏడాది జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

నాకు ఈ భాగం దగ్గర గొంతు కొంచెం పట్టేస్తుంది. ఇది బాధాకరం అని కాదు. ఎవరి బిడ్డ అన్నది చూడకుండా ఎవరు ఆడగలరన్నదే చూసే కోచ్ ఎలా ఉంటాడో ఈ కొడుకు బెంచీ మీద కూర్చుని స్వయంగా చూశాడు. తర్వాత అరవై ఏళ్లు ఆ ఆటను వదిలిపెట్టలేదు. జట్టులో పేరు రాలేదని బూట్లు మూలన పడేసే పిల్లలు, అలిగి పిల్లల్ని గ్రౌండుకు పంపడం మానేసే నాన్నలు ఈ మనిషి జీవితం తెలుసుకోవాలి.

హకీమ్ భారత వైమానిక దళంలో చేరి స్క్వాడ్రన్ లీడర్ హోదా దాకా వెళ్లారు. జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీలో సైనిక దళాల జట్టు సర్వీసెస్ తరఫున ఏళ్ల తరబడి ఆడారు. సర్వీసెస్ జట్టు సంతోష్ ట్రోఫీని తొలిసారి గెలిచింది 1960లో, గోలీ పీటర్ తంగరాజ్ కెప్టెన్సీలో. తంగరాజ్ కూడా హైదరాబాదులో పుట్టినవాడే. 1958లో ఆసియా మొత్తానికి ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. ఆట అయిపోయాక మనలాంటి ఉక్కు నగరానికే వచ్చి చేరాడు, బొకారోకు. 2008 నవంబరులో అక్కడే కన్నుమూశాడు.

ఆటగాడిగా ముగిశాక హకీమ్ చేసిన పని చాలామంది చేయనిది. ఈల పట్టుకున్నారు. ఫిఫా రిఫరీ అయ్యారు. 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్పులో మ్యాచ్‌లు నడిపారు. రిఫరీ అంటే మనవాళ్లకు తిట్టడానికే గుర్తొస్తాడు గానీ ఆ పని ఎంత కష్టమో ఒకసారి చూడండి. మైదానానికి ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా తిరుగుతూ ఉండాలి. చెరో సగంలో గీత మీద సహాయకులుంటారు. వాళ్లకు కనపడని వైపు తను చూడాలి. బంతికి దగ్గరగా ఉండాలి, అడ్డు రాకూడదు. ఇదీ మిడ్‌ఫీల్డర్ పరుగులాంటిదే, కాకపోతే బంతి తాకకుండా. ఆటగాడిగా ఉన్న చూపు రిఫరీకి పనికొచ్చింది. రిఫరీగా నేర్చుకున్న నిబంధనలు, నిగ్రహం కోచ్‌కు పనికొచ్చాయి. ఈ మూడూ అంతర్జాతీయ స్థాయిలో చేసినవాళ్లు మన దేశంలో చాలా అరుదు.

1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పీకే బెనర్జీకి సహాయ కోచ్‌గా ఉన్నారు. రోమ్‌లో కెప్టెన్‌గా ఉన్న పీకే, అదే జట్టులో బెంచీ మీదున్న హకీమ్, ఇద్దరూ ఇరవై రెండేళ్ల తర్వాత ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆ జట్టు గ్రూపులో బంగ్లాదేశ్‌ను, మలేసియాను ఓడించింది, చైనాతో 2-2తో సమం చేసుకుంది. క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో చివరి నిమిషాల్లో ఒక్క గోలు తిని బయటికొచ్చింది. తర్వాత మలేసియాలో జరిగే మెర్డెకా కప్పుకు వెళ్లిన భారత జట్టుకు హకీమ్ ప్రధాన కోచ్‌గా పనిచేశారు.

ఆయన కోచింగ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1998. ఆ ఏడాది ఆయన శిక్షణలో ముంబయి మహీంద్రా అండ్ మహీంద్రా జట్టు ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి డ్యురాండ్ కప్పు గెలిచింది. డ్యురాండ్ అంటే 1888లో సిమ్లాలో మొదలైన పోటీ, ఆసియాలోనే పాతది. ఈస్ట్ బెంగాల్ అంటే లక్షలాది అభిమానులున్న కలకత్తా క్లబ్బు. ఇటు జీపులు, ట్రాక్టర్లు చేసే కంపెనీ జట్టు. ఆ కంపెనీ అంతకుముందు ఎన్నడూ ఆ కప్పు ముట్టలేదు. అలోన్సో లెవర్‌కుసెన్‌తో సాధించినదాన్ని లోకమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. దానికి పాతికేళ్ల ముందే మన హైదరాబాదీ ఒకాయన మన దేశపు ఫ్యాక్టరీ జట్టుతో ఇంత పని చేశారని మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. సాల్గావ్‌కర్, హిందుస్తాన్ ఎఫ్‌సీ, బెంగాల్ ముంబయి జట్లకూ ఆయన కోచ్‌గా పనిచేశారు. స్పోర్ట్స్ అథారిటీలో ప్రాంతీయ డైరెక్టరుగా ఉన్నారు.

మహీంద్రా జట్టు 2010లో మూతపడింది. హైదరాబాదు పోలీసు జట్టు వైభవం అంతకు చాలాముందే తగ్గిపోయింది. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే మన ఊరికి సంబంధించిన అసలు సంగతి ఇదే. మన దేశంలో ఫుట్‌బాలరుకు అన్నం పెట్టింది ఉద్యోగం. పోలీసు, రైల్వే, సైన్యం, బ్యాంకు, ఉక్కు కర్మాగారం. నెలజీతం, క్వార్టరు ఉంటే కుర్రాడు నిశ్చింతగా ఆడేవాడు. ఆడటం అయిపోయాక కూడా అదే సంస్థలో ఉండి చిన్నవాళ్లకు నేర్పేవాడు. అంటే ఒక ఉద్యోగం ఒక ఆటగాడినీ ఇస్తుంది, పదిహేనేళ్ల తర్వాత ఒక కోచ్‌నూ ఇస్తుంది. ఆటగాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకోవడం తగ్గేకొద్దీ హైదరాబాదులో ఈ రెండూ తగ్గాయి.

తర్వాత క్లబ్బుల కాలం వచ్చింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చారు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్‌ఎల్ ఫైనల్ 1-1తో నిలిచి పెనాల్టీలకు వెళ్తే, గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపి కప్పు తెచ్చిపెట్టాడు. మార్కెజ్ తర్వాత దేశం జట్టుకూ కోచ్ అయ్యారు. చాలా మంచి కోచ్, ఆయన పని మీద నాకెంతో గౌరవం. కానీ ఆ క్లబ్బు డబ్బు ఇబ్బందుల్లో పడి 2025లో ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలిచి నాలుగేళ్లు తిరక్కుండానే ఊరికి జట్టు లేకుండా పోయింది. సిటీ పోలీసు జట్టుకు మాత్రం ఊరు మారే అవసరం ఎప్పుడూ రాలేదు. అది ఆ ఊరి జీతంతో బతికిన జట్టు.

కాబట్టి హథ్‌ఖోజ్‌లో షెడ్లు నడిపే మన తెలుగు యజమానులకు ఒక మాట. మీరు కోట్లు పోసి క్లబ్బు పెట్టనక్కర్లేదు. బాగా ఆడే ఒక కుర్రాడికి పని ఇచ్చి, సాయంత్రం నాలుగున్నరకు అతన్ని వదిలిపెట్టండి. వారానికి మూడు రోజులు చాలు. అతను నేర్చుకున్నది పదిమంది పిల్లలకు చేరుతుంది. ఆటలో పెద్దగా ఎదగలేకపోయిన కుర్రాళ్లకూ ఒక మాట. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు డి లైసెన్స్ నుంచి మొదలుపెట్టి సి, బి, ఎ, ఆపైన ప్రో దాకా మెట్టు మెట్టుగా శిక్షణ ఇస్తుంది. రిఫరీలకూ పరీక్షలున్నాయి. పెద్ద మ్యాచ్ ఆడనివాళ్లు కూడా ఆ మెట్లు ఎక్కవచ్చు. ఒలింపిక్స్‌కు వెళ్లి బెంచీ మీద కూర్చుని వచ్చిన మనిషి ఈ రెండు దారుల్లోనూ నడిచారు.

2017లో మన దేశంలో పదిహేడేళ్లలోపు పిల్లల ప్రపంచ కప్పు జరిగింది కదా. దానికి ముందు ప్రతిభ ఉన్న పిల్లల్ని వెతికే పని చూసిన ప్రాజెక్ట్ డైరెక్టరు హకీమ్ సాబే. అప్పటికి ఆయనకు డెబ్బై దాటి చాలా ఏళ్లయింది. ఆ టోర్నీలో కొలంబియా మీద మన దేశం తరఫున ఫిఫా ప్రపంచ కప్పుల్లో తొలి గోలు కొట్టిన జీక్సన్ సింగ్ కూడా మిడ్‌ఫీల్డరే. అదే ఏడాది ప్రభుత్వం హకీమ్ సాబ్‌కు ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చింది. 2021 ఆగస్టు 22న గుల్బర్గాలో ఆయన చనిపోయారు, ఎనభై రెండేళ్ల వయసులో.

చివరగా, సాయంత్రం పిల్లల్ని ఆడించే అన్నలకు రహీం సాబ్ కాలం నాటి పద్ధతి ఒకటి చెబుతాను. ఆయన హైదరాబాదులో పిల్లలకు అలవాటు లేని కాలితోనే ఆడాలనే నియమం పెట్టి పోటీలు నడిపేవారు. కుడికాలి వాటం వాడు ఎడమతో, ఎడమకాలి వాడు కుడితో. మన దగ్గర పెద్ద గ్రౌండు లేకపోయినా పర్వాలేదు, ఇది సగం జాగాలోనే జరుగుతుంది. ఐదుగురు ఐదుగురు చొప్పున రెండు జట్లు చేయండి. రాళ్లతో చిన్న గోల్‌పోస్టులు పెట్టండి. గట్టి కాలు తగిలిందా, బంతి అవతలి జట్టుకు. పావుగంట ఆడించండి. మొదటి వారం పిల్లలు విసుక్కుంటారు, బంతి వీధిలోకి పోతుంది. ఆపకండి. మధ్యలో ఆడే పిల్లవాడికి బంతి ఏ పక్క నుంచైనా వస్తుంది కాబట్టి, వాడిని ముందుగా ఈ ఆటలోకి దింపండి. వాడు తప్పు పాస్ ఇచ్చినప్పుడు ఈల ఊది అరవడం కాదు, బంతి వచ్చేముందు ఎటు చూశావురా అని అడగండి.